తాబేలు మాట్లాడదు

చిన్నప్పుడు ప్యూర్టోరికోలోని పోన్సే వీధుల్లో "పొట్టిదానా, పొట్టిదానా" అని ఏడిపించిన వాళ్ళందరి నోళ్ళూ చివరికి ఆ పొట్టితనమే మూయించింది. ఇవెలిస్ నాలుగడుగుల పదంగుళాల మనిషి. తాబేలు టిల్లీ వేషంలో పట్టాలంటే సరిగ్గా అంతే ఉండాలి. ఒక్క అంగుళం ఎక్కువైనా చిప్ప కింద నుంచి పిక్కలు బయటపడతాయి. కిసిమీ ఊరి దగ్గరున్న పెద్ద వినోదాల పార్కులో, 'మామిడి వరండా' అనే ఫలహారశాలలో, ఎనిమిదేళ్ళుగా టిల్లీ రోజూ పొద్దున్నే బల్లబల్లకీ వెళ్ళి పిల్లల్ని పలకరిస్తోందంటే అది ఇవెలిస్ చలవే.

కానీ ఆ మాట పైకి అనకూడదు. అక్కడి కట్టుబాటు అలాంటిది. "నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అని ఎవరడిగినా "నేను టిల్లీకి స్నేహితురాల్ని" అనాలి, అంతే. నేనే టిల్లీని అన్నారో, మర్నాటి నుంచి రానక్కర్లేదు. తాబేలు తల తగిలించుకున్నాక నోరు విప్పకూడదు. దగ్గొస్తే మింగాలి, తుమ్మొస్తే మింగాలి. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ, ఈ పిట్టకి కూసే యోగమే లేదు. ఎనిమిదేళ్ళలో ఆ తలలోంచి చిన్న మూలుగు కూడా బయటికి రానివ్వలేదు ఇవెలిస్. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఎంత గర్వమో!

ఇంకో గర్వం కూడా ఉంది. తోటి వేషగాళ్ళు పెద్దపిల్లలున్న బల్ల కనబడితే చెయ్యూపి చల్లగా జారుకుంటారు. పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళు చేతులు కట్టుకుని, మొహం గంటు పెట్టుకుని కూర్చుంటారు మరి. ఇవెలిస్ జారుకోదు. "వాళ్ళకి ఇష్టం లేక కాదే, ఇష్టమని పక్కవాళ్ళకి తెలిసిపోతుందేమోనని భయం" అంటుంది. వాళ్ళని కావలించుకోకూడదు, బుగ్గలు ముట్టకూడదు. ఏదో ఒక పందెం మొదలుపెట్టాలి, చివర్లో వాళ్ళని గెలవనివ్వాలి. పదిహేనేళ్ళ మొండిఘటాలు కూడా వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

ఊరి పిల్లలందర్నీ నవ్వించే మనిషికి సొంత ఇంట్లో మాత్రం చుక్కెదురు. కూతురు నషాలీకి పదమూడు నిండాయి. కొత్త బడిలో చేరాక ఆ పిల్ల అమ్మ దగ్గర దీవెన అడగడం మానేసింది.

మా ప్యూర్టోరికో వాళ్ళ ఇళ్ళల్లో అది చిన్న విషయం కాదు. ఇంట్లోకి వచ్చినా, బయటికి వెళ్ళినా, ఫోను ఎత్తినా పిల్లలు ముందు "దీవించమ్మా" అనాలి. "దేవుడు నిన్ను దీవించాలి" అని పెద్దవాళ్ళు అనాలి. కోపంలో ఉన్నా అనాలి, నిద్రలో ఉన్నా అనాలి. అడిగిన దీవెనకి బదులు ఇవ్వకపోవడమంత పాపం ఇంకోటి లేదు. అలాంటిది నషాలీ ఆరు నెలలుగా "వెళ్తున్నా" అని తలుపు వేసేస్తోంది. మొన్న బడి కాగితంలో తల్లి ఉద్యోగం అన్నచోట 'ఆఫీసు పని' అని రాసింది. అది చూసిన ఇవెలిస్‌కి తల తీసేసినట్టయింది. ఎవరితోనూ అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది.

ఆ సమయంలోనే ఇవెలిస్ తల్లి డోన్యా ప్రొవీ ఒక పేచీ పెట్టింది.

"నా డెబ్భై అయిదో పుట్టినరోజుకి కేకూ వద్దు, కొత్త బట్టలూ వద్దు. నా కూతురు పనిచేసే చోట కూర్చుని, టిల్లీతో కలిసి ఫలహారం చేస్తా."

"అమ్మమ్మా, అక్కడికి అయిదేళ్ళ పిల్లలు వెళ్తారు!" అంది నషాలీ.

"నాకు డెబ్భై అయిదు. నేను వెళ్ళట్లేదూ? నువ్వూ వస్తున్నావు."

నషాలీ గింజుకుంది, అలిగింది, చివరికి స్నేహితురాలు కెయిలానీని కూడా తీసుకెళ్దామంటేనే వస్తానంది. ముందురోజు సాయంత్రం వంటింట్లో అరటికాయ ముక్కలు వేయిస్తున్న తల్లి పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు మా బల్ల దగ్గర ఆగకు. అమ్మమ్మకి చెయ్యూపి వెళ్ళిపో. నువ్వని కెయిలానీకి తెలియకూడదు."

"తెలియడానికి ఏముందే? నేను టిల్లీకి స్నేహితురాల్ని, అంతేగా."

"అబ్బ, ఆ మాట ఒకటి! వింటే ఒళ్ళు మండుతుంది."

నూనె చిటపటలాడుతోంది. "సరేలే, ఆగను" అంది ఇవెలిస్.  కన్నకూతురు తనని దాచుకోవాలనుకుంటోంది. దానికి మందేముంది?

ఆదివారం తొమ్మిదింటికి మామిడి వరండా కిటకిటలాడుతోంది. టిల్లీ పక్కన ఎప్పుడూ ఒకరు తోడు నడుస్తారు. దారి చూపడం, పిల్లలు మీద పడకుండా చూడడం, ఏదైనా తేడా జరిగితే కాగితం మీద రాయడం వాళ్ళ పని. ఇవెలిస్‌కి తోడు మిస్ లోర్నా. జమైకాలో ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసి వచ్చిన మనిషి. ఆవిడ కలం ముందు ఎవరి ఆటలూ సాగవు.

"పద్నాలుగో బల్ల. ఒక ముసలావిడ, ఇద్దరు పెద్దపిల్లలు. ఒకమ్మాయి అప్పుడే ఆవలిస్తోంది," అంది లోర్నా మెల్లిగా.

తాబేలు నోట్లో ఉన్న నల్లటి జాలీలోంచి ఇవెలిస్ చూసింది. డోన్యా ప్రొవీ ఆదివారం చర్చికి వేసుకునే పూసల దండ వేసుకుని రాణిలా కూర్చుంది. కాఫీ ఒక గుక్క తాగి, "ఇది కాఫీయా, గిన్నె కడిగిన నీళ్ళా?" అని వడ్డించే అమ్మాయిని నిలదీస్తోంది. నషాలీ తాబేలు ఆకారంలో ఉన్న పాన్‌కేకు కాళ్ళు విరుస్తోంది, తల ఎత్తడం లేదు. కెయిలానీ చేతులు కట్టుకుని వెనక్కి వాలింది.

మాట ఇచ్చింది కదా, చెయ్యూపి వెళ్ళిపోదామనే ఇవెలిస్ అనుకుంది. కానీ డోన్యా ప్రొవీ ఊరుకుంటేనా!

"ఏయ్ టిల్లీ! పుట్టినరోజు మనిషిని నేనిక్కడుంటే అటెటు పోతావే? రా ఇటు!"

రాక తప్పింది కాదు. వచ్చాక, ఎదురుగా చేతులు కట్టుకున్న పెద్దపిల్లని వదిలి వెళ్ళడం ఇవెలిస్ వల్ల కాలేదు. ఎనిమిదేళ్ళ పనితనం ఒంట్లో ఉంటే ఊరికే ఉంటుందా! టిల్లీ కూడా కెయిలానీలాగే చేతులు కట్టుకుంది. కెయిలానీ నిట్టూరిస్తే టిల్లీ భుజాలు ఎగరేసి ఇంకా పెద్దగా నిట్టూర్చినట్టు చేసింది. తర్వాత వంగి, మొహంలో మొహం పెట్టి, కళ్ళలోకి అలాగే చూస్తూ నిలబడింది.

"ఏంటిది? రెప్ప వెయ్యకుండా చూసే పందెమా?" అంది కెయిలానీ. "రా, చూసుకుందాం."

పది లెక్కపెట్టేలోపే ఓడిపోయింది. రెండోసారి కూర్చుంది, రెండోసారీ ఓడింది.

"మోసం! దీనికి అసలు రెప్పలే లేవు! నషీ, చూడవే, ఈ తాబేలు దొంగది!"

మూడోసారి టిల్లీ తట్టుకోలేనట్టు రెండు చేతులతో కళ్ళు మూసుకుని కూలబడింది. కెయిలానీ కుర్చీలోంచి ఎగిరి "గెలిచా!" అని అరిచింది. చుట్టుపక్కల బల్లలవాళ్ళు చప్పట్లు కొట్టారు. డోన్యా ప్రొవీ నవ్వీ నవ్వీ దగ్గింది. నషాలీ మాత్రం తాబేలు వైపే చూస్తోంది. వేషంలో ఉన్న అమ్మని ఆ పిల్ల దగ్గర్నుంచి చూడడం ఎన్నేళ్ళ తర్వాతో!

కెయిలానీ కళ్ళు తుడుచుకుంటూ అంది. "అబ్బ, లోపలున్నదెవరో గానీ భలే మనిషి. పాపం, ఈ ఉక్కలో ఆ బరువు మోసుకుంటూ... ఇంకే పనీ దొరకలేదేమో."

చెడ్డ మనసుతో అన్న మాట కాదది. జాలితో అన్నదే. అయినా జాలి కన్నా తిట్టే నయం. ఇవెలిస్ నషాలీ మొహం చూడలేకపోయింది. ఇక వెళ్దామని లోర్నాకి గుర్తుగా చిప్ప మీద రెండుసార్లు తట్టి, వెనక్కి తిరిగింది.

కుర్చీ బరబరా జరిగిన చప్పుడైంది.

"ఆగు," అంది నషాలీ.

టిల్లీ ఆగింది. నషాలీ వచ్చి ఎదురుగా నిలబడింది. చెవులు ఎర్రబడిపోయాయి. మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"దీవించమ్మా."

"దేవుడు నిన్ను దీవించాలి, నా తల్లీ."

ఆలోచించి అన్న మాట కాదు. ఆ పిలుపుకి ఆ బదులు ఊపిరిలాగా దానంతటదే వచ్చేస్తుంది, మా వాళ్ళలో ఎవరికైనా అంతే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఎనిమిదేళ్ళ మౌనం ఒక్క మాటతో మట్టిలో కలిసింది. అది తెలిసి కూడా ఇవెలిస్‌కి ఆ క్షణంలో బాధ కలగలేదు. ఆరు నెలల తర్వాత కూతురు దీవెన అడిగింది. పోతే పోనీ ఉద్యోగం!

కానీ పక్కబల్ల దగ్గర కాగితపు కిరీటం పెట్టుకున్న అయిదేళ్ళ పిల్ల చెంచా వదిలేసింది.

"నాన్నా! టిల్లీ మాట్లాడింది! టిల్లీ లోపల ఎవరో ఆంటీ ఉంది!"

ఆ పిల్ల గడ్డం వణుకుతోంది, ఏడుపు రావడానికి సిద్ధంగా ఉంది. చుట్టూ నాలుగు బల్లలవాళ్ళు ఇటే తిరిగారు. లోర్నా గిర్రున తిరిగి కలం బయటికి తీసింది.

"ఎవరు మాట్లాడింది?"

 ఉద్యోగం పోతే పోనీ అనుకున్న ఇవెలిస్, ఆ పసిదాని మొహం చూశాక అలా అనుకోలేకపోయింది. ఎనిమిదేళ్ళుగా తను కాపాడింది ఆ నమ్మకాన్నే కదా. ఇప్పుడు తనే పగలగొట్టింది.

నషాలీ చటుక్కున ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"టిల్లీ లోపల ఆంటీ ఏంటి? తాబేలు లోపల తాబేలే ఉంటుంది. మాట్లాడింది మా అమ్మమ్మ. మా ఇంట్లో దీవించమంటే అమ్మమ్మ వెంటనే బదులివ్వాలి. లేకపోతే పాపం తగులుతుంది. కదా అమ్మమ్మా?"

"కాకపోతే మరి! దేవుడు నిన్ను దీవించాలి, నా తల్లీ!" అని డోన్యా ప్రొవీ వరండా అదిరిపోయేలా అంది. తల్లీ కూతుళ్ళ గొంతులు ఒకటే అచ్చు.

కిరీటం పిల్లకి ఇంకా నమ్మకం కుదరలేదు. కెయిలానీ వైపు చూసింది. కెయిలానీ నోరు తెరుచుకుని తాబేలుని, నషాలీని, ముసలావిడని మార్చి మార్చి చూస్తోంది. తనూ మా ప్యూర్టోరికో పిల్లే; "దీవించమ్మా" అని దారిన పోయే తాబేలుని ఎవరూ అడగరని తనకి తెలియదా! అంతా అర్థమైపోయింది. ఒక్క మాట అంటే చాలు, అంతా బయటపడిపోతుంది. 

"నేను పక్కనే ఉన్నా," అంది కెయిలానీ కిరీటం పిల్లతో. "అమ్మమ్మే అంది. తాబేళ్ళు మాట్లాడవు. రెప్పలు కూడా వెయ్యవు. దొంగమొహాలు! కావాలంటే పందెం వేసి చూడు, నువ్వే ఓడిపోతావు."

ఆ పిల్ల కిలకిలా నవ్వి, పరుగున వచ్చి టిల్లీ నడుము పట్టుకుంది.

లోర్నా నలుగురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ముప్ఫై ఏళ్ళు బడిలో అబద్ధాలు పట్టుకున్న మనిషి. కలం మూతపెట్టి జేబులో పెట్టుకుంది.

"అమ్మమ్మగారూ, మీ గొంతు మహా గట్టిది. మా టిల్లీ హడలిపోయింది," అంది. తర్వాత టిల్లీ చిప్ప దగ్గరికి వంగి, "ఇంత చక్కగా కూడబలుక్కున్న అబద్ధం నా తరగతిలో కూడా వినలేదు," అని గొణిగింది.

ఇవెలిస్ ఎనిమిదేళ్ళుగా పెద్దపిల్లల గురించి తనకే తెలుసనుకుంది. పందెం వేసి గెలిపిస్తే చాలనుకుంది. వాళ్ళకి అంతకన్నా ఇష్టమైనది ఇంకోటి ఉందని ఇవాళే తెలిసింది. చిన్నపిల్లలు నమ్మి సంతోషిస్తారు. పెద్దపిల్లలు అంతా తెలిసి, ఆ నమ్మకాన్ని చిన్నవాళ్ళ కోసం కాపాడి సంతోషిస్తారు. కెయిలానీ ఆ కిరీటం పిల్లకి పందెం నేర్పిస్తూ, తన పాన్‌కేకు చల్లారిపోయిందని కూడా చూసుకోలేదు.

ఫలహారాలు అయ్యాయి. జనం వెళ్ళేటప్పుడు టిల్లీ గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఊపాలి. తాబేలు తల లోపల చెమటా కన్నీళ్ళూ కలిసి గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకునే వీల్లేదు. డోన్యా ప్రొవీ వెళ్తూ టిల్లీ ముక్కు మీద ముద్దు పెట్టి, "కాఫీ మాత్రం ఇంటికెళ్ళి నేనే పెట్టుకుంటా," అంది.

వెనకాల ఇద్దరు పిల్లలు వస్తున్నారు.

"నషీ, మీ అమ్మ ఆఫీసులో పని చేస్తుందన్నావుగా?" అని కెయిలానీ నవ్వు దాచుకుంటూ అడిగింది.

గుమ్మం దగ్గర కిరీటం పిల్ల ఉంది, వాళ్ళ నాన్న ఉన్నాడు, ఇంకా పదిమంది ఉన్నారు. నషాలీ ఆగి, తల ఎత్తి, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఆఫీసేంటి? మా అమ్మ టిల్లీకి స్నేహితురాలు. ఎనిమిదేళ్ళ నుంచీ."