బరువైన ‘స’

“ఉదయకి కాఫీ వద్దండీ కళావతిగారూ, తను టీ మనిషి” అన్నారు మా ఆయన.

బ్లాక్‌టౌన్‌లో కళావతిగారింట్లో భోజనాలయ్యాక సింక్ దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తున్నాను. నాకు కాఫీ ఇష్టం. పెళ్ళైన కొత్తలో మా ఆయన వాళ్ళ అక్కయ్యగారింట్లో కాఫీ పొడి అయిపోయిందంటే, పర్లేదు టీ ఇవ్వండి అన్నాను. ఆ ఒక్క కప్పు పట్టుకుని ఈయన నన్ను జీవితాంతం టీ మనిషిని చేసేశారు. కాదని చెప్పేలోపే కళావతిగారు టీ కప్పు చేతికిచ్చేశారు. తాగేశాను. కోపం వచ్చిన మాట నిజమే కానీ, అంతకంటే ఆశ్చర్యం వేసింది. ‘నాకు కాఫీ’ అన్న రెండు మాటలు నాలుక మీదే ఉన్నాయి. మరి ఎందుకు రాలేదు?

మాట ఎందుకు రాదన్నదే అప్పట్లో నా ఉద్యోగం కూడా. గల్ఫ్‌లో యుద్ధం మొదలైన జనవరి అది, ఈ దేశంలో అప్పుడే వేసవి. యూనివర్సిటీలో స్పీచ్ పెథాలజీ చెప్పే హెలెనా దగ్గర పార్ట్‌టైమ్ చేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్న అరబ్బులు మాట్లాడేది ఆమె టేపు మీద రికార్డు చేసేది. ఆ జబ్బును అఫేజియా అంటారు. మనిషికి తెలివి ఉంటుంది, చెప్పాలనుకున్నదీ తెలుస్తూనే ఉంటుంది, మాట మాత్రం అనుకున్నట్టు బయటికి రాదు. అలా వచ్చిన మాటల్లో ఏ శబ్దం ఏ శబ్దంగా మారుతోందో రాయటం నా పని. పెళ్ళికి ముందు ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ ఎమ్మే చేశాను. ఆ చదువు ఇన్నాళ్ళకు ఇలా అక్కరకొచ్చింది.

“అరబిక్ రాని నిన్ను ఎందుకు పెట్టుకుందోయ్ ఆవిడ?” అని మా ఆయన నవ్వారు. రాదు కనకే పెట్టుకుంది. భాష తెలిసినవాళ్ళు విరిగిన మాటను కూడా తమకు తెలియకుండానే బాగుచేసుకుని వింటారట. అర్థం చెప్పటానికి ఇంటర్‌ప్రెటర్ వేరే ఉంది. ఇదంతా ఆయనకు చెప్పబోయాను. అప్పటికే పేపరు తిప్పేశారు. స్నేహితులతో మాత్రం “మా ఆవిడ క్యాసెట్లు వింటుంది, టైమ్‌పాస్‌కి” అనేవారు. మా వాసుదేవరావుగారు వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆయన పని మొదలవగానే ఎదుటి మనిషి మాట్లాడటం ఆగిపోవాలి. ఆ అలవాటే ఇంటికీ వచ్చిందేమో అనిపించేది.

ఆయనా, మా అమ్మాయి కుసుమా వెళ్ళిపోయాక, పప్పు కుక్కర్‌లో పడేసి హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. అరబిక్‌లో ‘స’లు రెండు. ఒకటి మనదే, తేలికది. రెండోది నాలుక వెనక భాగం పైకి లాగి పలికే బరువైన ‘స’. ‘త’, ‘ద’లకూ అలాంటి బరువైన జోడీలున్నాయి. ఇవి కాక గొంతు అడుగునుంచి నొక్కి తీసే శబ్దాలు వేరే. జబ్బుపడ్డ నోట్లో ఇవన్నీ కలగాపులగం అవుతాయనుకున్నాను. కానీ తప్పిన శబ్దం ఎక్కడికో పోదు, ఎక్కువసార్లు పక్కింటికే వెళుతుంది. బరువైన ‘స’ రావలసినచోట తేలిక ‘స’ వస్తుంది. ఒకే మనిషి ఒకే మాటను ఒకసారి సరిగ్గా పలికి, వెంటనే తప్పు పలుకుతుంది. ఎందుకు? ఆ ‘ఎందుకు’ కోసం టేపు వెనక్కి తిప్పుతూ కూర్చుంటే, కుక్కర్ విజిల్స్ లెక్క తప్పి పప్పు అడుగంటేది. ఎన్నేళ్ళ తర్వాతో నా ప్రాణానికి అంత హాయిగా ఉండేది.

ఒకరోజు హెలెనా నన్ను కూడా మెరీల్యాండ్స్‌లో ఒక ఇంటికి తీసుకెళ్ళింది. “ఈ రోజుల్లో అరబ్బుల ఇళ్ళకెందుకు, వద్దని చెప్తాలే” అన్నారు ఈయన. ఆయన చెప్పేలోపే నేను రైలెక్కేశాను. నజ్వా అని లెబనాన్ ఆవిడ, బొద్దుగా, కళ్ళల్లో నవ్వుతో ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. పక్కనే భర్త తౌఫీక్ కమలాపండు తొనలు ఒలిచి ఆమె నోటికి అందిస్తున్నాడు. మంచి మనిషి.

హెలెనా పనికి ఒకటే నియమం. బొమ్మ చూపించాక ఎవరూ మాట అందించకూడదు. ఎంతసేపైనా సరే, ఆ మనిషి నోట వచ్చేదాకా ఆగాలి. సబ్బు బొమ్మ చూపించింది. సబ్బుకి వాళ్ళ మాట బరువైన ‘స’తోనే మొదలవుతుంది. నజ్వా పెదవులు కదిలాయి, తేలిక ‘స’ వచ్చింది. తప్పని తనకే తెలిసి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ప్రయత్నిస్తుంటే తౌఫీక్ అందించేశాడు. హెలెనా అరచెయ్యి ఎత్తి ఆపింది. ఇంకో బొమ్మకూ అంతే. “పాపం, కష్టపడుతోంది కదమ్మా, నేను చెప్తే తప్పేమిటి?” అన్నాడు ఇంగ్లీషులో. మూడోసారి అతను నోరు తెరవగానే నజ్వా ఎడమచేత్తో బల్ల మీద చరిచింది.

“ఖలాస్!”

ఇంటర్‌ప్రెటర్ అర్థం చెప్పక్కర్లేకపోయింది. హైదరాబాదులో రోజూ విన్న మాటే. చాలు, ఇక ఆపు. అందరం నవ్వేశాం, నజ్వాతో సహా. తౌఫీక్ కూడా సిగ్గుపడుతూ నవ్వాడు.

ఇంటికొచ్చి టేపులో ఆ మాట మళ్ళీ మళ్ళీ విన్నాను. చివర ఉన్నది బరువైన ‘స’. నిండుగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా ఉంది. సబ్బుకు రాని శబ్దం మొగుణ్ణి ఆపటానికి వచ్చింది! అంటే అది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. అడిగితే రానిది, తనంతట తాను అనదలచుకున్నప్పుడు వచ్చింది.

మర్నాడు హెలెనాకు వినిపించాను. ఇలా కోపంలోనో అలవాటులోనో మాట సాఫీగా రావటం ఈ జబ్బులో ఉన్నదేనట. “కానీ ఆ బరువైన శబ్దాలు ఎప్పుడు నిలుస్తాయి, ఎప్పుడు జారిపోతాయి అన్నది పట్టుకోవాలి. నువ్వే చెయ్యి ఉదయా. పీహెచ్‌డీలో చేరు. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తాను, ఏ సంగతీ చెప్పు. ఆ తర్వాత సీటు ఆపలేను” అంది.

ఆ సాయంత్రమే ఈయనకు చెప్పాను.

“పీహెచ్‌డీనా! ఇప్పుడెలా కుదురుతుంది? కుసుమ డాన్స్ క్లాసుకి ఎవరు డ్రైవ్ చేస్తారు? నా ఆన్‌కాల్స్ సంగతేంటి? అది హైస్కూల్‌కి రానీ, అప్పుడు చూద్దాం.” తిడుతున్నట్టు కూడా లేదు, ఎంతో ప్రేమగా అన్నారు. “నీకు కాదనటం మొహమాటం. హెలెనాకి నేను చెప్తాలే.”

పాపం, కష్టపడుతోంది కదమ్మా.

శుక్రవారం సాయంత్రం ఆయన అడిగారని బజ్జీలకు పిండి కలుపుతున్నాను. ఫోన్ మోగింది. ఫోన్ పక్కనే కూర్చున్న ఆయన తీశారు. “హలో హెలెనా! యా, షి టోల్డ్ మీ. యాక్చువల్లీ, ఉదయ ఫీల్స్...”

ఉదయ ఏం ఫీలవుతోందో వినటానికి నేను ఆగలేదు. శనగపిండి చేత్తోనే వెళ్ళి అరచెయ్యి ఆయన మొహం ముందు ఎత్తాను. ఆయన నోరు తెరిచే ఉంది, మాట ఆగిపోయింది. రెండో చేత్తో రిసీవర్ తీసుకున్నాను.

“హెలెనా, నేను...”

రాలేదు. ఇంగ్లీషూ రాలేదు, ఏదీ రాలేదు. ఆయన పెదవులు కదిలాయి, అందించబోయారు. నేను చెయ్యి దించలేదు. అవతల హెలెనా ఏమీ అనలేదు, అడగలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆగింది. నా మాట కోసం ఒక మనిషి అలా ఆగటం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

“చేరతాను” అన్నాను, తెలుగులో.

“సారీ?” అంది హెలెనా.

ఆయనకు అర్థమైంది. కావాలంటే ఆమెకు చెప్పగలరు. చెప్పలేదు. నేనే ఇంగ్లీషులో, ఒక్కో మాటా తాపీగా, ఇంకోసారి చెప్పాను.

ఫోన్ పెట్టేసి చెయ్యి కడుక్కున్నాను. పాలు కాచి రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి ఆయన ముందు పెట్టి, ఒకటి తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన నా కప్పు కేసి చూశారు.

“నువ్వు టీ కదా తాగేది?”

“ఎవరు చెప్పారు?” అన్నాను.