మూడు ఖాళీ ఆదివారాలు

"ల్యాపు టైముల సంగతి నీకెందుకోయ్, గుడ్లు ఉడికాయేమో చూడు" అన్నారు మా ఆయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

నేనన్నదల్లా ఒక్కటే. ఎర్రకారు ఒక్కో చుట్టుకి అర సెకను చొప్పున వెనకబడుతోంది, దాని టైర్లు అరిగిపోయాయి, ఇప్పుడే పిలిచి మార్చకపోతే స్థానం పోతుంది అని. వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో చిల్లుల గరిటెతో అన్నాను. ఆ గరిటె లేకుండా అని ఉంటే వినేవాళ్ళేమో నాకు తెలియదు. గుడ్లు ఒలిచి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి పట్టుకొచ్చేసరికి ఎర్రకారు రెండు స్థానాలు పోగొట్టుకుని, అప్పుడు వచ్చింది టైర్లు మార్చుకోవడానికి. "నేను ముందే అనుకున్నా" అన్నాడు మా మరిది. "నువ్వు దేన్నైనా ఇట్టే పసిగడతావురా" అని మా ఆయన వాడి భుజం తట్టారు. "ఉప్పు తక్కువైంది వదినా" అన్నాడు పసిగట్టినవాడు.

రేసు ఉన్న ఆదివారం మా ఇంట్లో నేను ఎవరికీ కనపడను, నేను లేకపోతే ఎవరికీ గడవదు. మా ఆయన, మా మరిది, కళ్ళజోళ్ళ షాపాయన, ముగ్గురూ మధ్యాహ్నం నుంచే సోఫాలో సర్దుకుంటారు. నాలుగు విడతల టీ. లోపలి గదిలో మా అత్తయ్యకి మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచీ. ఇంజన్ల మోత పెరిగినప్పుడల్లా "ఆ రొద తగ్గించమనమ్మా" అని ఆవిడ నాతో అంటారు, కొడుకులతో అనరు. మొదట్లో నాకూ ఆ రొద పడేది కాదు. ఆరేళ్ళ క్రితం ఒకసారి కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చి, టైర్లు మార్చే దృశ్యం చూస్తూ ఉండిపోయాను. కారు వచ్చి ఆగింది. ఇరవైమంది మీదపడ్డారు. రెండున్నర సెకన్లు. కారు వెళ్ళిపోయింది, కెమెరా దాని వెనకే వెళ్ళిపోయింది. ఆ ఇరవైమందీ మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి ఉంటారు, వాళ్ళని ఎవరూ చూపించలేదు. వాళ్ళేమయ్యారో చూద్దామని నేను రేసులు చూడటం మొదలుపెట్టాను. గుమ్మంలోంచి, ముక్కలు ముక్కలుగా, కుక్కరు కూతకీ కూతకీ మధ్య. అలా చూస్తూనే ఏ ట్రాకులో ఎన్ని మలుపులో, ఏ కారు ఎండకి ఎలా ఉంటుందో, ఏ డ్రైవరు కోపంలో ఎక్కడ తప్పు చేస్తాడో నాకు నోటికి వచ్చేసింది.

దానికి నా ఉద్యోగం కూడా కొంత కారణం. నేను సరుకు రవాణా కంపెనీలో ట్రిప్ షీట్లు వేస్తాను. ఏ లారీ ఎప్పుడు బయల్దేరాలి, ఏ డ్రైవరు వెళ్ళాలి, ఎక్కడ ఎన్ని గంటలు పడుకోవాలి, ఇంటికి ఎప్పటికి చేరాలి, అన్నీ నా బల్ల మీదే తేలతాయి. కింద సంతకం మాత్రం మా మేనేజరుది. పోయినేడు ఒక్క లారీ కూడా ఆలస్యం కాలేదని పెద్దాఫీసు వాళ్ళు వచ్చి మెచ్చుకుంటే, ఆయన "అంతా ప్లానింగే సార్" అన్నారు. వాళ్ళు వెళ్ళాక నా బల్ల దగ్గరికి వచ్చి "మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్" అన్నారు. అదీ నాకు దక్కిన బహుమతి.

రేసుల కాలం అయిపోయాక ఈ అభిమానులకి ఇంకో పిచ్చి పట్టుకుంటుంది. వచ్చే ఏడాది ఏ టీములో ఏ డ్రైవరుండాలి, తమ చేతికే అధికారమిస్తే ఏ వారం ఏ ట్రాకులో రేసు పెడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కలల క్యాలెండరు. కాగితాలు చించి, పేర్లు కొట్టేసి, పిల్లల్లా కొట్టుకుంటారు. ఆ ఏడాది మా ఆయన ఇద్దరు ఛాంపియన్లని ఒకే టీములో కూర్చోబెట్టారు.

"ఇంక ఆ టీముకి ఎదురేముంది చెప్పండి?" అన్నారు కళ్ళజోళ్ళ షాపాయన.

ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకోలేదు. "ఇద్దరూ దారివ్వరండీ. ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు. పెద్దవాడి పక్కన నేర్చుకునేవాణ్ణి పెట్టాలి. మా దగ్గర కూడా ఇద్దరు మొండివాళ్ళని ఒకే లారీ ఎక్కిస్తే లారీ షెడ్డుకొస్తుంది" అన్నాను.

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. "లారీలతో పోలుస్తోందిరా మీ వదిన" అని మా ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ నామీద నాకు ఒళ్ళుమంట. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగాను. ఒక్కచోట నిలబడలేకపోయాను ఆ సాయంత్రం. అలమారలో డబ్బాలన్నీ దించి మళ్ళీ పెట్టాను. మా అత్తయ్య చూసి "శుభ్రం బాగా అలవాటైంది నీకు" అన్నారు.

అదే నెలలో మా ఆయన వాళ్ళ అభిమానుల క్లబ్బు పోటీ ప్రకటించింది. మంచి కలల క్యాలెండరు వేసినవాళ్ళకి బహుమతి ఒక కుర్చీ. వచ్చే ఏడాది ప్రతి రేసు ఆదివారం క్లబ్బు హాల్లో పెద్ద తెర పక్కన, మైకు ముందు కూర్చుని, రెండొందలమందికి రేసు వివరించి చెప్పడం. ఆ ప్రకటన కాగితం ఫ్రిజ్ మీద కనిపించినప్పుడు నా గుండె దడదడలాడింది. చీరలకీ నగలకీ కొట్టుకోని గుండె దానికి కొట్టుకుంది. నాకు ఆ కుర్చీ కావాలి. ఒక రేసు మొదటినుంచి చివరిదాకా లేవకుండా చూడాలి, చూసింది గట్టిగా చెప్పాలి, చెప్పింది నలుగురూ వినాలి.

ఆఫీసులో భోజనాల వేళ, పాత ట్రిప్ షీట్ల వెనక వేశాను నా క్యాలెండరు. ఇరవైరెండు రేసులు. మా వాళ్ళ క్యాలెండర్లలో రేసులు ఈ వారం భూమికి ఈ చివరా, పై వారం ఆ చివరా ఉంటాయి. కార్లకి రెక్కలున్నాయనుకుంటారు. నేను దగ్గరదగ్గర ట్రాకులన్నీ ఒక వరసలో పెట్టాను, లారీల మీద సామాను వెళ్ళేట్టు. సముద్రం దాటాల్సిన చోట మాత్రం ఒక ఆదివారం ఖాళీ వదిలాను. అలాంటివి మూడు. తేలికసామాను విమానమెక్కుతుంది, బరువుసామాను ఓడెక్కుతుంది, దానికి రోజులు పడతాయి. ఈలోగా ఆ ఇరవైమందీ ఇళ్ళకి వెళ్ళొస్తారు. తలుపు తీసేసరికి ఎదురుగా మొగుడు నిలబడి ఉంటే వాళ్ళ ఆడవాళ్ళకి ఎలా ఉంటుందో అనుకుంటూ, ఆ మూడు గళ్ళ చుట్టూ గీత గీశాను. మూడు వారాలు పట్టింది నాకు. అన్నం చల్లారిపోతున్నా తెలిసేది కాదు.

చూపించాను మా ఆయనకి. చాలాసేపు చూశారు. ఆయన మొహంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది. "నువ్వే వేశావా?" అన్నారు.

"పోటీకి పంపుదామనుకుంటున్నానండీ."

"క్లబ్బులో ఒక్క ఆడమనిషి లేదు. నువ్వు వెళ్ళి వాళ్ళ మధ్య ఏం మాట్లాడతావు, ఇబ్బంది పడతావు. నా పేరుతో పంపిస్తా. నువ్వు పంపితే ఒకటీ నేను పంపితే ఒకటీనా?"

పద్దెనిమిదేళ్ళ కాపురంలో 'ఇద్దరం ఒకటే' అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే అయ్యారు. ఇది తెలిసి కూడా "సరే పంపండి" అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పోనీలే, కాగితమైనా హాలుదాకా వెళ్తుంది అనుకున్నాను. మర్నాడు చెప్పులేసుకుంటూ "ఇందులో మూడు ఆదివారాలు నింపడం మర్చిపోయావోయ్" అన్నారు. "మర్చిపోలేదండీ, అవి" అంటూ నేను అత్తయ్య వేడినీళ్ళ సంచీ మూత బిగించి వచ్చేలోపల స్కూటరు సందు మలుపు తిరిగింది. సాయంత్రం మళ్ళీ ఎత్తితే "అబ్బా, పంపేశాలే" అన్నారు.

క్లబ్బు వార్షికోత్సవానికి కుటుంబాలతో రమ్మన్నారు. కుటుంబాలంటే మేమే, ప్లేట్లు అందించడానికి. హాలు వెనక పొడుగు బల్ల దగ్గర మమ్మల్ని నిలబెట్టారు. నాకు ఒకచోట కాలు నిలవలేదు. గ్లాసులు లెక్క తప్పి రెండుసార్లు పేర్చాను. బహుమతి నిర్ణయించడానికి వచ్చిన పెద్దాయన ఒక రేసు టీములో ఇరవైరెండేళ్ళు పనిచేశాడట. ఆయన చేసింది ఒక్కటే పని, ఎడమ వెనక చక్రం బిగించడం. ఆ ఇరవైమందిలో ఒకడు ఎదురుగా కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

తెరమీద ఒక్కొక్కరి క్యాలెండరూ వేశారు. చివరికి నాది వచ్చింది. కింద మా ఆయన పేరు. అది ముందే తెలుసు కాబట్టి ఓర్చుకున్నాను. కానీ ప్లేట్లు చేత్తో పట్టుకునే గళ్ళు లెక్కపెట్టాను. ఖాళీగా వదిలిన మూడు ఆదివారాల్లోనూ మూడు రేసులు పెట్టేశారు, మూడూ మా ఆయనకి ఇష్టమైనవే.

పెద్దాయన లేచి తెర దగ్గరకంటా వెళ్ళాడు. ఒక్కో గడి మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళి, వేలు ఆపాడు.

"ఇది ఎవరు వేశారో గానీ, సామాను మోసినవాళ్ళ బాధ తెలిసి వేశారు. ఇన్నేళ్ళలో నేను ఇలాంటిది చూడలేదు. కానీ ఇక్కడ చూడండి. ఈ ఆదివారం ఈ తీరంలో రేసు, పై ఆదివారం ఆ తీరంలో. మధ్యలో సముద్రం. గ్యారేజీ సామాను ఏడు రోజుల్లో ఎలా వెళ్తుంది? మళ్ళీ ఇక్కడా అంతే, ఇక్కడా అంతే. అంత తెలిసిన మనిషి ఇలా ఎలా వేస్తారు? నాకైతే చెయ్యి మారినట్టుంది."

హాలంతా మా ఆయన వైపు తిరిగింది. ఆయన లేచారు, గొంతు సవరించుకున్నారు, మెడ తుడుచుకున్నారు. "అదీ, ఖాళీ ఆదివారం ఎవరికి కావాలి సార్, అభిమానులకి రేసు ఉండాలి కదా" అని మొదలుపెట్టి, పెద్దాయన మొహం చూసి ఆగిపోయారు. తర్వాత నవ్వేశారు. "టైపింగ్ తప్పండీ. మా ఆవిడ చేత టైపు చేయించాను. ఇంటి హడావిడిలో ఎక్కడో చూసుకోలేదు."

అందరూ అర్థమైనట్టు నవ్వారు. నా పక్కన ప్లేట్లు తుడుస్తున్న కళ్ళజోళ్ళ షాపాయన భార్య నవ్వలేదు. నా మొహం చూసి నా చేతిలోవి తను అందుకుంది.

నాకు కోపం రావాలి, రాలేదు. ఒక లెక్క తేలిపోయినట్టు తల చల్లబడింది. పేరు ఆయన తీసుకున్నప్పుడు ఊరుకున్నాను, ఇద్దరం ఒకటే అనుకోమన్నారు కాబట్టి. తప్పు దగ్గరికి వచ్చేసరికి మేం ఇద్దరమైపోయాం. మంచి ప్లానయితే మేనేజరుది, లారీ చెడితే మేడమ్ షీటు. కూర కుదిరితే వాళ్ళ వంశంలోనే ఉంది ఆ రుచి, మాడితే నా ధ్యాస ఎక్కడుందో. ఇన్నేళ్ళూ ఇది నా ఒక్కదాని దురదృష్టం అనుకున్నాను. ఇది ఒక పద్ధతి. ఎవరో చాలా శ్రద్ధగా వేసిన డ్యూటీ చార్టు. ఇంక మాట్లాడకపోతే దాని కింద సంతకం నాదే అవుతుంది.

వరసల మధ్యగా నడిచి తెర దగ్గరికి వెళ్ళాను.

"ఏంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఆయన చెప్పింది నిజం కాదండీ. ఆ క్యాలెండరు వేసింది నేను. అందులో నావి కానివి మూడు ఆదివారాలే. మీరు తప్పుపట్టింది ఆ మూడింటినే."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నారు మా ఆయన, పళ్ళ మధ్య నుంచి. మా మరిది తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు.

పెద్దాయన నన్నే చూస్తూ "మరి ఆ మూడు చోట్లా ఏముండేది?" అన్నాడు.

"ఏమీ ఉండేది కాదండీ. సామాను ఓడలో ఉంటుంది. మనుషులు ఇళ్ళలో ఉంటారు."

ఆయన కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, తన మోకాళ్ళకేసి కాసేపు చూసుకున్నాడు. "ఇరవైరెండేళ్ళలో మా ఇంటిది నన్ను ఆదివారం చూసింది లేదు" అని, క్లబ్బు కార్యదర్శి వైపు తిరిగి "బహుమతి ఈవిడదే, ఆ మూడూ తీసేసి" అన్నాడు.

కార్యదర్శి మర్యాదస్తుడు. మైకు చేతిలో పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డాడు. ఏడాది పొడుగునా రేసు ఉన్న ప్రతి ఆదివారం మధ్యాహ్నమే రావాలని, సాయంత్రందాకా ఉండాల్సి వస్తుందని చెప్పాడు. అదంతా ఆయన చెప్పింది నాతో కాదు. నా భుజం మీదుగా మా ఆయన్ని చూస్తూ చెప్పాడు. చివరికి "ఏం సార్, మేడమ్‌కి ఆదివారాలు కుదురుతాయంటారా?" అని అడిగాడు.

మా ఆయన నోరు తెరిచారు. అమ్మ మోకాళ్ళు అనబోతున్నారో, అలవాటు లేదండీ అనబోతున్నారో నాకు తెలుసు. నేను చెయ్యి చాచి కార్యదర్శి చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"ఆదివారాలు నావండీ, నన్నడగండి" అన్నాను.