పిన్నమ్మ ఎర్రపిన్ను

ఆమెకు పిన్నమ్మ అనే పేరు చుట్టరికం వల్ల రాలేదు, గుండుసూదుల వల్ల వచ్చింది. ఆ క్రైస్తవ విశ్వవిద్యాలయంలో సువార్త సేవ గురించీ చర్చి సంఘాల ఎదుగుదల గురించీ చదువు చెప్పే సంస్థ ఒకటుంది. అందులో ఆమె గుమాస్తా. ఆ ఆఫీసు గదిలో ఒక గోడంతా దేశపటమే. ఏ మూల కొత్త సంఘం మొదలైనా ఉత్తరం వచ్చేది, ఆమె స్టూలెక్కి అక్కడ ఎర్రపిన్ను గుచ్చేది. సంఘం తన కాళ్ల మీద తాను నిలబడితే తెల్లది. మూతపడితే నల్లది. పిన్నులు గుచ్చే అమ్మ కనుక పిన్నమ్మ. ఏ విద్యార్థి పుట్టించాడో గానీ, ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడలేదు.

ఆ రోజులే వేరు. టైపు మిషన్ల టకటక, సిరా వాసన, కిటికీ దగ్గర టీలు చల్లారిపోతున్నా తెమలని విద్యార్థుల వాదులాట. వాటన్నిటినీ మించి పెద్దసారు గొంతు. ఆ సంస్థను మొదలుపెట్టిన ఆచార్యుడాయన. అంకె ఒక్కటి తప్పితే నివేదిక మొత్తం మళ్లీ కొట్టించేవారు. "అబద్ధం చెప్పే పటం కన్నా బోడిగోడ నయం" అనేవారు. ఆయన పోయి ఆరేళ్లయినా, స్టూలెక్కినప్పుడల్లా వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది పిన్నమ్మకి.

ఇప్పుడా పటం దించేస్తున్నారు. వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. పరిశోధన చేసే అమ్మాయి ఒక్కో పిన్ను మీదా వేలు పెట్టి అడుగుతోంది, పిన్నమ్మ చెబుతోంది. అలా వేలు కొండల దగ్గరికి వచ్చింది.

"ఇది రాతిగని దగ్గరి సంఘం కదా పిన్నమ్మా? ఎర్రది. అంటే నడుస్తున్నట్టేగా?"

ఊఁ అంటే సరిపోయేది. కానీ అది ఆమె నాన్న పాస్టరుగా ఉండి మొదలుపెట్టిన సంఘం. రేకుల కప్పు, నాలుగు బెంచీలు. వానొస్తే ప్రసంగం వినబడదని అందరూ పాటలే పాడుకునేవారు. ఆ పని మానుకుని వేరే ఊరు చేరాక ఆయన ఏడాదికోసారి కూతుర్ని చూడ్డానికి వచ్చేవాడు. వచ్చీ రాగానే పటం ముందు నిలబడి కళ్లజోడు పెట్టుకుని, "మనది చెక్కుచెదరలేదమ్మా" అని మురిసిపోయేవాడు. గని మూసేశారనీ, జనం తలోదిక్కూ పోయారనీ, సంఘం మూతపడిందనీ ఉత్తరం వచ్చిన వారంలోనే ఆయనా వచ్చాడు. ఆమె ఆ ఉత్తరాన్ని సొరుగు అడుక్కి తోసేసింది. నాన్న పోయాకైనా పిన్ను మార్చాల్సింది. చెయ్యి రాలేదు. అలా పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి.

ఇక ఇది కంప్యూటర్లోకెక్కితే దించే నాథుడుండడు. పెద్దసారు ప్రాణం పెట్టి కట్టిన లెక్కలో ఎప్పటికీ ఒక తప్పు, అదీ తన చేతి మీదుగా. ఆమెకు సిగ్గేసింది.

"నడవట్లేదు తల్లీ. మూతపడి పద్దెనిమిదేళ్లు. నేనే దాచిపెట్టాను."

అమ్మాయి తెల్లబోయి చూసింది. పిన్నమ్మ స్టూలెక్కి ఎర్రపిన్ను తనే పీకింది. నాన్నను రెండోసారి సాగనంపినట్టుంది ఆమెకు. అమ్మాయి కంప్యూటర్లో 'మూతపడింది' అని కొట్టింది.

మధ్యాహ్నం ఇద్దరు పనివాళ్లొచ్చి పటాన్ని దించి బల్లమీద బోర్లించారు.

"పిన్నమ్మా, ఇక్కడేదో రాసుంది చూడండి" అంది అమ్మాయి.

పటం వెనక, కొండలుండే చోట, పిన్ను చేసిన చిల్లు పక్కన పెన్సిలు రాత. చీమల బారులాంటి ఆ అక్షరాలు ఎవరివో చదవకముందే తెలిసిపోయింది. పదేళ్ల కిందట గోడలకు రంగులు వేయించినప్పుడు పటాన్ని దగ్గరుండి దింపించింది పెద్దసారే.

'వెళ్లి చూసొచ్చాను. తలుపుకి తాళం. ఈ పిన్ను పిన్నమ్మే తియ్యాలి. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు.'

పిన్నమ్మ స్టూలు మీద కూర్చుంది. గుప్పిట్లో ఎర్రపిన్ను ఇంకా అలాగే ఉంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఒక్క సున్నా తప్పిందని నాచేత నలభై పేజీలు మళ్లీ కొట్టించిన మనిషమ్మా ఈయన" అంది.