తప్పులు లేవండి

‘ప్రధమ వర్ధంతి’లోని ధ పొట్టలో ఎర్రసిరాతో చుక్క పెట్టి దాన్ని థ చేసింది అజీజున్నీసా. పక్కన మార్జిన్‌లో అదే అక్షరాన్ని మళ్ళీ పెద్దదిగా రాసింది. ఫ్లెక్సీ ప్రూఫులో నవ్వుతున్న పెద్దాయన ఎవరో ఆమెకు తెలియదు. వారానికి మూడు నాలుగు వర్ధంతులు వస్తాయి. అన్నింటిలోనూ ఆ తప్పు ఉంటుంది. కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలు ఆరు నెలలకొకరు మారిపోతారు గాని ఆ ధ మాత్రం మారదు.

పవర్‌పేట స్టేషను వెనక సందులో ఉంది ప్రెస్సు. రైలు వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆ కిటికీ పక్కనే ఆమె బల్ల, తండ్రి నేసిన తివాచీ ముక్క వేసిన కుర్చీ. ఇరవై ఒకటో ఏట సీసం అక్షరాలు పేర్చే పనికి చేరింది. ఇప్పుడు యాభై ఏడు. పెళ్ళయిన ఎనిమిదో ఏడు భర్త పోతే, కూతురు మునీరాను ఈ బల్ల మీద పనితోనే పెంచి పెద్ద చేసింది. సీసం పోయి కంప్యూటర్లు వచ్చాక ప్రూఫులు దిద్దే పనిలో కూర్చుంది. ఎప్పుడూ వంగి చదవడం వల్ల మెడ కాస్త ముందుకు సాగిపోయింది. కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర పక్కకు ఒరిగింది. రెండు జతల కళ్ళజోళ్ళు మార్చి మార్చి పెట్టుకున్నా సాయంత్రమయ్యేసరికి కొమ్ముకీ దీర్ఘానికీ తేడా తెలియడం లేదు.

“సాయిబుల అమ్మాయి తెలుగు దిద్దుతుందా?” అని మొదట్లో నవ్విన పండితులే, తరవాత తరవాత “అజీజమ్మ చూసిందా?” అని అడిగి మరీ అచ్చుకు ఒప్పుకునేవారు. ముప్పై ఆరేళ్ళలో ఏలూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నవాళ్ళందరి రాతా ఆమె కళ్ళ కింద నుంచి పోయింది. తను మాత్రం సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. రాయాలని ఉందా అని ఎవరూ అడగలేదు.

పదిన్నరకు దెందులూరు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ప్రెస్సు ముందు ఆగింది. డ్రైవరు పురికొసతో కట్టిన కట్టలు ఒక్కొక్కటే దించి గుమ్మంలో పెట్టాడు. పన్నెండు కట్టలు. యజమాని హేమంత్‌కుమార్ బయటికి వెళ్ళి చూస్తుండగానే అతని ఫోను మోగింది. అతను స్పీకరు నొక్కాడు.

“నేను భీమశంకరం గారి కోడల్నండి, ప్రసన్నలక్ష్మిని. మావయ్యగారు పోయారండి. మొన్నటితో కర్మకాండలు అయిపోయినయ్యి. ఆయన పుస్తకాలండి అవి. మంచాల కిందా అటక మీదా అన్నీ అవేనండి. పాత పేపర్లవాడికి వెయ్యడానికి మనసు రాలేదు. మీ దగ్గర వేయించినవే కదా, మీరేదన్నా చేసుకోండి.”

ఫోను పెట్టేసి హేమంత్ తల గోక్కున్నాడు. “ఆవిడకి మనసు రాక మన గుమ్మంలో వేసిందండి అజీజమ్మగారూ. ఆ పేపర్లవాణ్ణి ఇప్పుడు మనం పిలవాలి.”

కట్టల్ని తెచ్చి ఆమె కుర్చీ వెనక గోడవారగా పేర్చారు. చెమ్మ పట్టిన కాగితం వాసన బల్ల దాకా వచ్చింది.

భీమశంకరం పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తొమ్మిది పుస్తకాలు వేయించాడు, తొమ్మిదీ ఆమే దిద్దింది. ప్రూఫులు అయ్యాయని కబురు పెడితే మధ్యాహ్నం బస్సుకు వచ్చి, గొడుగు గోడకు ఆనించి, ఎదురుగా స్టూలు మీద చేతులు కట్టుకు కూర్చునేవాడు. “ఎలా ఉందమ్మా?” అని ఒకే ఒక్క మాట అడిగేవాడు.

“తప్పులు లేవండి,” అనేది ఆమె.

ఆ మాటకే ఆయన ముఖం విప్పారేది. అచ్చుతప్పుల సంగతి చెబుతున్నానని ఆమెకు తెలుసు. ఆయన దాన్ని మరోలా వింటున్నాడని కూడా తెలుసు. అయినా తొమ్మిదిసార్లూ అదే చెప్పింది. వెన్నెల మీద, రుతువుల మీద, మానవత్వం మీద ఆయన రాసినవి చదువుతుంటే ఆమెకు కళ్ళు మూతలు పడేవి. నాలుగో పుస్తకంలో మాత్రం రెండు పేజీలు ఉన్నాయి. చదువురాని ఆడవాళ్ళు పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి తమ ఉత్తరాలు ఆయన చేత చదివించుకోవడం గురించి. అందులో ఒకామె, మొగుడి ఉత్తరంలో తన పేరు వచ్చినచోట మళ్ళీ చదవమని మూడుసార్లు అడుగుతుంది. ఆ రెండు పేజీలు దిద్దినరోజు, “ఇలాంటివే రాయండి, మిగతావి ఆపేయండి” అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పడానికి నేనెవర్ని అనుకుని ఊరుకుంది.

పై కట్టలోంచి ఒక పుస్తకం లాగింది. తొమ్మిదోది. ముందుమాట చివర్లో ఆ వాక్యం ఉంది: ‘నా రచనలో తప్పులు లేవని తొలినుంచీ ధైర్యం చెబుతూ వచ్చిన అజీజున్నీసా గారికి కృతజ్ఞతలు.’ ఆ పేజీ కూడా తనే దిద్దింది. తన పేరులో ‘న్నీ’కి దీర్ఘం పడలేదని గుర్తు పెట్టి, తరవాతి పేజీకి వెళ్ళిపోయింది.

ఆమె పుస్తకం మూసి మళ్ళీ వర్ధంతి ఫ్లెక్సీ ముందుకు లాక్కుంది. ఒకే వరుసను నాలుగుసార్లు చదివింది.

పన్నెండు దాటాక సత్యవేదం వచ్చింది. మండవల్లిలో చేపల ప్యాకింగు షెడ్డులో పనిచేస్తుంది. నలభై ఏళ్ళుంటాయి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. పద్నాలుగు కథలు రాసిన లాంగ్ నోటుబుక్కును కిందటి వారం ఇచ్చి వెళ్ళింది. ఐదు వందల కాపీలు, ఆవిష్కరణ సభ, శాలువా, ఫోటోలు, వీడియో అన్నీ కలిపి హేమంత్ ఒక ప్యాకేజీ చెప్పాడు. ఆ డబ్బు కోసం ఆమె చీటీ పాడి తెచ్చుకుంది. ఇవాళ అడ్వాన్సు ఇవ్వాలి.

హేమంత్ నిన్నటి ఫ్లెక్సీకి ఫ్రేము కట్టించడానికి బయటికి వెళ్తూ, “అరగంటలో వచ్చేస్తానండి. అజీజమ్మగారి దగ్గర కూర్చోండి,” అన్నాడు.

సత్యవేదం స్టూలు చివర కూర్చుని చేతులు చీర కొంగు కింద పెట్టుకుంది. వేళ్ళ చివర్లు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

“చదివారాండి మేడమ్?”

“చదివానమ్మా. రెండుసార్లు.”

“ఎలా ఉన్నాయండి?”

అజీజున్నీసా నోట్లోకి అలవాటైన జవాబు వచ్చేసింది. పెదవి దాకా వచ్చి ఆగింది. వెనక గోడవారగా ఉన్న కట్టల వైపు తిరిగి చూడలేదు గాని, ఆ చెమ్మవాసన తగులుతూనే ఉంది.

“మూడు బాగున్నాయి,” అంది. “పదకొండు బాగాలేవమ్మా.”

సత్యవేదం ముఖంలో రంగు పోయింది. “అంటే... నాకు రాయడం రానట్టేనాండి?”

“రాకపోతే ఇంత మాట అనకుండా ఊరుకునేదాన్ని. హైదరాబాదులో మేడ మీద ఒకావిడ ఏడుస్తుందే, ఆ కథ. ఆ మేడ మీరెప్పుడన్నా చూశారా?”

“లేదండి. సీరియల్లో చూశాను.”

“ఆవిడ ఏడుపు నాకు వినపడలేదు. ఐసులో చేపలు సర్దుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కిపోయి, ఉంగరం ఎప్పుడు జారిపోయిందో కూడా తెలీలేదని నాలుగు లైన్లు రాశారు చూడండి. అక్కడ నేను కలం కింద పెట్టేశాను. అందులో అక్షరదోషాలు ఏడున్నాయి. ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు.”

సత్యవేదం తల దించుకుంది. “అది మా తోటికోడలు కృపమ్మ సంగతండి. అదేం కథని, ఊరికే రాశాను.”

“అదే కథ.”

రైలు పోతోంది. అద్దాలు మోగడం ఆగింది. తరవాత అజీజున్నీసా గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ ఒక్కరికీ చెప్పనిది ఒక్కసారిగా చెప్పాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక, మధ్యలోంచి మొదలుపెట్టింది.

“షెడ్డులో భోజనాలప్పుడు మీవాళ్ళకి చదివి వినిపించండి. బాగుందా అని అడక్కండి. బాగుందనే అంటారు. ఎక్కడ ఫోను తీసి చూసుకుంటున్నారో చూడండి. అక్కడ కొట్టేయండి. మొదటి పేజీ దాదాపు ఎప్పుడూ కొట్టేయొచ్చమ్మా, కథ రెండో పేజీలో గాని మొదలవదు. అందరికీ అంతే. తిరగరాశాక ఒక్క కథ, ఒక్కటే, పత్రికకి పంపండి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఏ రోజు పంపారో రాసి పెట్టుకోండి. జవాబు రాదు. మూడు నెలలు రాదు. ఆ మూడు నెలలూ పోస్టుమాన్ కోసం చూస్తూ కూర్చోకుండా ఇంకోటి రాయండి.”

“మరి పుస్తకం ఎప్పుడేయాలండి?”

“ఓ ఐదారు కథలు పత్రికల్లో పడనివ్వండి. ఎవరో ముఖం తెలీనివాళ్ళు ఫోను చేసి ఇంకేమన్నా రాశారా అని అడుగుతారు. అప్పుడు వేయండి. రెండొందలు చాలు. సభ పెడితే వచ్చినవాళ్ళు శాలువా కప్పి, టిఫిను తిని, పుస్తకం కుర్చీలో వదిలేసి పోతారు. నేను ఏరాను ఆ పుస్తకాలు. సభ వద్దు. గ్రంథాలయానికి వెళ్ళండి, మీ ఊరి హైస్కూలుకి వెళ్ళండి, నిలబడి ఒక్క కథ చదవండి. అడిగినవాళ్ళకే ఇవ్వండి. డబ్బు తీసుకునే ఇవ్వండి, పది రూపాయలైనా సరే. ఊరికే వచ్చింది ఎవరూ చదవరు.”

సత్యవేదం కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని కారలేదు.

“మా అబ్బాయి ఊరంతా చెప్పేశాడండి, మా అమ్మ పుస్తకం వస్తందని. చర్చిలో కూడా చెప్పేశాడు.”

“ఆలస్యమవుద్దని చెప్పండి.”

“పుస్తకం అవుద్దాండి నిజంగా?”

“అది నేను చెప్పలేనమ్మా,” అంది అజీజున్నీసా. “ఆ మూడు కథలూ నాకు గుర్తున్నాయి. ఇక్కడ దిద్దినవాటిలో నాకు గుర్తున్నవి చాలా తక్కువ.”

హేమంత్ తిరిగి వచ్చేసరికి సత్యవేదం నోటుబుక్కు చేత్తో పట్టుకుని లేచి నిలబడి ఉంది. “ఇప్పుడే వద్దులెండి. మళ్ళీ కనపడతానండి,” అని అతనికి చెప్పి, అజీజున్నీసా వైపు చూసి మెట్లు దిగింది. కైకలూరు బస్సుకు టైమైందని కాబోలు, సందు చివర నడక పరుగైంది.

హేమంత్ కూర్చున్నాడు. కేకలు వేయలేదు. అతని తండ్రి కూడా కేకలు వేసే మనిషి కాదు.

“ఏవన్నారండి ఆవిడతో?”

“అడిగింది. చెప్పాను బాబూ.”

“ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదుగా అజీజమ్మగారూ. ఈ నెలకి అదొక్కటేనండి పుస్తకం పని. ఇవాళే ఎందుకండీ?”

ఆమె కుర్చీ వెనక కట్టల వైపు చెయ్యి చూపించింది. “ఆయనక్కూడా చెప్పుండాల్సింది.”

అతను ఆ కట్టల్నీ, ఆమెనీ చూశాడు. ముఖం చేతులతో రుద్దుకున్నాడు. “నేనూ మీకో మాట చెప్పాలండి. రెండు నెలల్నుంచి చెబుదామని. పుస్తకాలు ఎత్తేస్తున్నాను. వట్టి ఫ్లెక్సీలకి ప్రూఫులు అవసరం లేదంటున్నారు అందరూ. తప్పులున్నా ఎవరూ చూడట్లేదు. నోరు రాలేదండి చెప్పడానికి. మా నాన్నగారు పెట్టిన మనిషి మీరు.”

“నాకు తెలుసు బాబూ,” అంది ఆమె. నిజంగానే తెలుసు. రెండు నెలలుగా అతను ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడ్డం మానేశాడు. “రేపట్నుంచి రాను. మా మునీరా తాడేపల్లిగూడెం వచ్చెయ్యమంటూనే ఉంది.”

“అలా కాదండి, నెలాఖరు దాకా...”

“వద్దులే బాబూ. కళ్ళు కూడా కనపడ్డం లేదు.”

వర్ధంతి ఫ్లెక్సీలో ఇంకో మూడు తప్పులున్నాయి. వాటిని దిద్ది, అడుగున తన పొడి అక్షరం వేసి, కంప్యూటరు పిల్ల ముందు పెట్టింది. కళ్ళజోళ్ళు రెండూ పెట్టెలో పెట్టుకుంది. టిఫిను డబ్బా కడిగి సంచిలో వేసుకుంది. బల్లసొరుగులో పెద్దగా ఏమీ లేవు. కట్టల దగ్గర వంగి, భీమశంకరం నాలుగో పుస్తకం వెతికి ఒకటి తీసుకుంది. ఆ రెండు పేజీలు కలం చేతిలో లేకుండా ఒక్కసారి చదవాలనిపించింది. హేమంత్ గుమ్మం దాకా వచ్చి, ఆటో పిలవనా అని అడిగాడు. నడుస్తానంది.

ఎండ ఇంకా తగ్గలేదు. తమ్మిలేరు వంతెన మీద నుంచి తంగెళ్ళమూడి వైపు, ముందుకు సాగిన మెడతో, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్రెస్సులో హేమంత్ లైట్లు ఆర్పుతూ కిటికీ దగ్గర ఆగాడు. అజీజున్నీసా తండ్రి తివాచీలు నేసేవాడు. ఆయన మగ్గం మీద మిగిలిపోయిన మూరెడు ముక్కను అంచులు కుట్టి ఆమె కుర్చీలో వేసుకునేది. అది ఇంకా అక్కడే ఉంది. అంచుల్లో ఎరుపు, ఆకుపచ్చ తీగలు కొత్తగానే ఉన్నాయి. మధ్యలో ఊలు అరిగిపోయి, వట్టి నూలు పోగులు బయటపడి ఉన్నాయి.