లాగ్‌బుక్కు చూడని సంతకం

మా ఆయనతో కాపురమంటే బతుకంతా తనిఖీలో నిలబడడమే. తాళం వేశాక లాగి చూస్తారు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ లాగుతారు. మందు సీసా మీద తేదీ చదవనిదే దగ్గు కూడా దగ్గరు. పెళ్లయిన కొత్తలో నేను డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయ్యానని గొప్పగా చెబితే, "ఏదీ, ఒరిజినల్ సర్టిఫికెట్టు చూపించు" అన్నారు. చూపించాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని మరీ చూశారు.

ఇలాంటి మనిషి హెలికాప్టర్లు అద్దెకిచ్చే కంపెనీలో పైలట్ల కాగితాలు చూసే ఉద్యోగంలో చేరడం ఆ కంపెనీ అదృష్టం. లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కు చూడాలి. గత మూడు నెలల్లో అదే రకం హెలికాప్టరును నడిపినట్టు అందులో ఉంటేనే ప్రయాణికులను ఎక్కించుకోనిచ్చేవారు. లేదంటే శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఖాళీగా ఎగిరి రావాల్సిందే. తల నెరిసిన పైలట్లు కూడా ఆయన బల్ల ముందు బడిపిల్లల్లా నిలబడేవారు.

ఆ కంపెనీలోనే మా తమ్ముడు పైలట్‌గా చేరాడు. చిన్నప్పుడు ఇంటిపట్టున ఉండేవాడు కాదని అమ్మ వాణ్ణి "గాలోడా" అని తిట్టేది. యూనిఫాం వేసుకున్నాక ఆ తిట్టే ముద్దుపేరయింది.

చేరిన రెండో వారం, మొదటిసారి ప్రయాణికులను తీసుకెళ్లాల్సిన రోజు, పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్కా, బావ నన్ను ఆపేశాడు. లాగ్‌బుక్కు ఇంట్లో మర్చిపోయానంటే వినట్లేదు. అవతల ఇద్దరు సర్వేయర్లు వచ్చి కూర్చున్నారు. అందరి ముందూ పరువు పోతోంది."

"నిజంగా మర్చిపోయావా, గాలోడా?"

"నీక్కూడా అనుమానమేనా?"

నాకు ఒళ్లు మండింది. వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను.

"వాడేమన్నా దారినపోయేవాడా? మీ సొంత బావమరిది!"

"అందుకేగా భయం. వెళ్లి లాగ్‌బుక్కు తెచ్చుకోమను, చూసి సంతకం పెడతాను."

"పదేళ్లుగా ఎగురుతున్నాడు. మీకు కాగితాల మీదున్న నమ్మకం మనుషుల మీద లేదు. మా వాళ్లంటే మొదట్నుంచీ చులకనే. వాడు ఇవాళ అవమానపడి వెనక్కొస్తే, ఇక నేను మీతో మాట్లాడను."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

"సరే," అన్నారు.

గెలిచాను కదా అని రెండోసారి కాఫీ కలుపుకున్నాను.

మధ్యాహ్నం కొండవాలులో దిగబోతూ హెలికాప్టరు తిరగబడింది. ముగ్గురూ పోయారు. లాగ్‌బుక్కు తమ్ముడి గదిలో, మంచం పక్క సొరుగులోనే దొరికింది. ఆ ఒక్క మాట వాడు నిజమే చెప్పాడు. ఆ రకం హెలికాప్టరును వాడు చివరిసారి నడిపి పద్నాలుగు నెలలు.

చూడకుండా ఎందుకు సంతకం పెట్టారని విచారణాధికారి తిప్పితిప్పి అడిగాడు. "చూడలేదు, పెట్టాను" అని తప్ప మా ఆయన ఇంకో ముక్క చెప్పలేదు. నా ఫోన్ ఊసే ఎత్తలేదు. ఉద్యోగం పోయింది, కేసు మిగిలింది. సర్వేయర్లలో ఒకాయన భార్య మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. మా ఆయన ఇప్పుడు రోజంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటారు. పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు.

అమ్మ మా ఇంటికొచ్చి నెలయింది. ఆయనున్న గదిలో అడుగుపెట్టదు గానీ, ఆయనకు వినపడేలా మాట్లాడుతుంది.

"లోకంలో అందరి కాగితాలూ చూసిన మనిషికి నా కొడుకువే కనపడలేదు. వాడెలా పోతేనేం అనుకున్నాడు."

నేను వంటింట్లో తోమిన గిన్నెనే మళ్లీ తోముతున్నాను. ఆ మాట అబద్ధమని ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు చెప్పరు. రెండోదాన్ని నేను. చెప్పినంత మాత్రాన అమ్మకు కొడుకు రాడు, ఈయనకు ఉద్యోగం రాదు, ఆపైన అమ్మకు కూతురు కూడా మిగలదు. నెలరోజులుగా ఇదే చెప్పుకుని నోరు కుట్టుకున్నాను.

"పెళ్లాం తమ్ముడంటే అంత లోకువ!" అంది అమ్మ, గొంతు పెంచి.

కుళాయి కట్టేశాను.

"ఆపమ్మా. ఆయన పెట్టనన్నారు. లాగ్‌బుక్కు తెచ్చుకోమన్నారు. మాట్లాడనని బెదిరించి పెట్టించింది నేను. తప్పు నాదమ్మా."