మేట్రన్ గారి రబ్బరు మొక్క

కూతురి కాన్పుకని కొట్టాయం వెళ్తూ మేట్రన్ ఏలియమ్మ తన రబ్బరు మొక్కను ఏరికోరి నర్సు మార్తకు అప్పగించింది. ఛాతీ ఎత్తు మొక్క. నిగనిగలాడే పన్నెండు ఆకులు.

"వారానికొక్క గ్లాసు నీళ్లు, అంతే. నీ వార్డులో పేషెంటనుకో సిస్టర్," అంది హిందీలో.

అది డెబ్బై తొమ్మిది డిసెంబరు. ఆటోలో కుండీని కాళ్ల మధ్య ఇరికించుకుని ఆర్.కె. పురం చేరి, మూడంతస్తులు మోసుకెక్కేసరికి మార్తకు నడుం పట్టేసింది.

పదిహేను రోజులకల్లా అడుగు ఆకు పసుపెక్కి రాలింది. తర్వాత ఇంకొకటి. చలేమోనని కిటికీ దగ్గర్నుంచి జరిపింది. వెలుతురు చాలదేమోనని మళ్లీ అక్కడికే ఈడ్చింది. ఆకులు ఏడుకొచ్చాయి. వార్డులో ముప్ఫై మందికి చాకిరీ చేసి ఇంటికొస్తే ఈ ముప్ఫై ఒకటో రోగి! ఇది కాస్తా చచ్చిందంటే మేట్రన్ తనని బతకనిస్తుందా?

ఒకరోజు డ్యూటీ మారి మధ్యాహ్నమే ఇల్లు చేరింది. అత్తగారు దయావతి చెంబుతో బియ్యం కడిగిన నీళ్లు కుండీలో వంపుతోంది.

"అత్తయ్యా! ఏంటిది?"

"రోజూ పోసేదేగా. నీకు తీరదని నేనే చూస్తన్నా. నోరులేనిది, దాహమని అడుగుద్దా?"

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భర్తతో ఆ సంగతి చెప్పుకుని మొత్తుకుంది. పౌలురాజు తల గోక్కున్నాడు.

"పొద్దున గడ్డం గీసుకున్నాక నేనూ ఓ మగ్గు పోస్తన్నా మార్తా. ఆకులు రాలతన్నాయని నువ్వు దిగులుపడతంటే చూళ్లేక…"

మార్త నేలమీద చతికిలబడింది. "ఇద్దరూ కలిసి దాన్ని నిలువునా ముంచారు కదండీ!"

మర్నాడు కుండీ బోర్లిస్తే వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి. కుళ్లినంత మేరా కత్తిరించి, పొడిమట్టిలో ఇసుక కలిపి మళ్లీ నాటింది. ఆపరేషన్‌కు ముందు రోగి మంచానికి తగిలించే చీటీ ఒకటి తెలుగులో రాసి కాండానికి కట్టింది: 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.'

దయావతి కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంది. "మొక్కకి నోరెక్కడిదే?"

"దాహమేస్తందన్నది మీరే కదా అత్తయ్యా!"

ఆవిడ మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్లింది. కానీ మళ్లీ చెంబుతో కుండీ దగ్గరికి మాత్రం రాలేదు. ఫిబ్రవరిలో కొసన ఎర్రటి చిగురు పొడుచుకొచ్చింది.

ఆ నెలాఖరులో ఊరి నుంచి తిరిగొచ్చిన మేట్రన్ మార్త ఇంటికొచ్చి మొక్క చుట్టూ తిరిగింది. "ఐదే ఉన్నాయేం?"

మార్త దాచకుండా అంతా చెప్పేసింది. మేట్రన్ పకపకా నవ్వింది.

"మా ఆయన ఒక్కడే ఇలా రెండు మొక్కల్ని చంపాడు సిస్టర్. అందుకే దీన్ని ఇంట్లో వదల్లేదు."

"ఆ మాట అప్పుడే చెబితే మావాళ్లని మొదట్నుంచే కాచుకునేదాన్ని కదా మేడమ్!"

"చెబితే నువ్వు తీసుకునేదానివా?"

మార్త పౌలురాజును పిలిచి కుండీ ఎత్తించింది. అది మెట్లు దిగి, ఆటో ఎక్కి, మలుపు తిరిగేదాకా బాల్కనీలో నిలబడి చూసింది. అప్పుడు లోపలికొచ్చి, రెండు నెలల్లో మొదటిసారిగా కిటికీ పక్కన కాళ్లు బారజాపుకుని కూచుంది.