మే నెలలో మిర్చి ఎవరిస్తారు?

హేమశ్రీ ఎనిమిదేళ్లుగా గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. ఏ రైతువి ఎన్ని మిర్చి బస్తాలు లోపలికెళ్లాయి, ఎన్ని బయటికొచ్చాయి అని చూసుకోవడం ఆమె పని. మిర్చిని కారం చేసి అమ్మేవాళ్లు ఏటా అక్కడ కొత్త గదులు అద్దెకు తీసుకుంటుంటే చూసి చూసి, తనూ తమ ఊరు ప్రత్తిపాడులో ఒక చిన్న కారం మిల్లు పెట్టాలనుకుంది. భర్త కోటి ట్రాలీ ఆటోలో మిర్చి బస్తాలు తోలుతాడు. అత్త సుబ్బరావమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. ముగ్గురి చేతుల్లోనూ మిర్చి ఘాటే. ఇంకొకరి కోసం చేసేది మనకోసం చేసుకుంటే తప్పేంటి అనిపించింది.

లోన్లు ఇప్పిస్తానని ఒకాయన దొరికాడు. ఆరు వేలు తీసుకుని ముప్పై పేజీల ప్రాజెక్టు రిపోర్టు చేయించి ఇచ్చాడు. పన్నెండు లక్షల లోను, నెలకి టన్ను అమ్మకం, మొదటి నెల నుంచే లాభం. అట్ట మీద రంగు బొమ్మ కూడా వేయించాడు.

జులైలో అది పట్టుకుని బ్యాంకుకెళ్లింది. మేనేజరు వేణుగోపాల్ గారు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు.

"అమ్మా, మే నెలలో మిర్చి యార్డుకి సెలవులు కదా. ఇందులో మే నెలలో కూడా పన్నెండు క్వింటాళ్లు కొన్నట్టు వేశారు. ఎవరి దగ్గర కొంటారు?"

హేమశ్రీకి చెవులు వేడెక్కాయి. మే నెలలో యార్డు మూసేస్తారని ఆ ఊళ్లో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? ఏటా ఆ నెలే ఆమెకి కాస్త ఊపిరి ఆడేది.

"ఇది నేను రాయలేదండి," అంది.

"తెలుస్తూనే ఉంది. మీరు రాసి తీసుకురండి. లోను గురించి అప్పుడు మాట్లాడదాం."

బయటికొచ్చాక కోటి బండి స్టార్టు చేస్తూ అడిగాడు. "ఏమన్నాడు?"

"మనకి లెక్క రాదన్నాడు బావా."

"అంత మాటన్నాడా?"

"అనలేదు. కానీ నిజమే."

వారం రోజులు ఆ రిపోర్టు బీరువా మీదే పడుంది. ఎనిమిదో రోజున హేమశ్రీ ఒక నిర్ణయానికొచ్చింది. మిషను కొనకముందే కారం అమ్మి చూడాలి. మూడు నెలలు అమ్మితే లెక్కలు వాటంతటవే వస్తాయి. ఫుడ్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టి, అది చేతికొచ్చాక తమ కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచుకున్న ఒక రైతు దగ్గర రెండు క్వింటాళ్లు కొంది. సుబ్బరావమ్మ తొడిమలు తీసింది. ఊళ్లో ఉన్న పాత మిల్లులో కిరాయికి ఆడించారు. కిలో ప్యాకెట్లు కట్టి, కోటి ఆటోలో వేసుకుని గుంటూరులో మెస్సులకి తిప్పాడు. కిలో రెండు వందల పది.

మొదటి నెల ఏడు మెస్సులు తీసుకున్నాయి. అందులో మదార్‌బీ గారిది పెద్దది, రోజుకి రెండు వందల భోజనాలు. కారం వేలికి రాసుకుని వాసన చూసి, "రంగు బాగుందమ్మాయ్, నలభై కిలోలు పంపించు" అంది.

నెలాఖరున హేమశ్రీ లెక్క చూసుకుంది. కాయ కిలో నూట యాభై. తొడిమలు, ఎండు తరుగు పోను కిలో కారానికి నూట డెబ్బై పడింది. మర కిరాయి పన్నెండు, కవరు ఆరు. కిలోకి ఇరవై రెండు రూపాయలు మిగిలాయి. ఉత్సాహంగా పైకే చదివింది.

సుబ్బరావమ్మ వాకిట్లో కూర్చుని కాళ్లకి నూనె రాసుకుంటోంది. "ఏమే, అందులో నా కూలేది?" అంది.

"నీకు కూలేంటత్తా? మన ఇల్లే కదా."

"ఇల్లు మనదే. చేతులు నావి. నేను నీ కాయలు తీస్తూ కూర్చుంటే బయట నాకొచ్చే కూలి పోతోందా లేదా? రేపు నాకు జ్వరమొస్తే ఎవరిని పిలుస్తావు? అది ఊరికే చేస్తుందా?"

కోటి నవ్వాడు. "అయితే నా డీజిల్ కూడా వెయ్యి."

హేమశ్రీకి కోపమొచ్చింది. కానీ పెన్ను తీసింది. కూలి పద్నాలుగు, డీజిల్ ఏడు. కూడితే రెండు వందల తొమ్మిది. నెలంతా ముగ్గురూ కష్టపడితే కిలోకి ఒక్క రూపాయి.

ఆ అంకె కింద గీత గీసింది. తర్వాత రేటు రెండు వందల ముప్పై ఐదు చేసింది.

"ఒకేసారి పాతికా!" అని మదార్‌బీ గారు కేకలేసింది. "మా మెస్సు పిల్లలు భోజనానికి పాతిక ఎక్కువిస్తారా?"

"మీ దగ్గర దాచేదేం లేదండీ. పాత రేటుకిస్తే రెండు నెలల్లో మూసేస్తాను. లేదంటే కారంలో ఇంకేదైనా కలపాలి. రెండూ నా వల్ల కాదు."

మదార్‌బీ గారు లోపలికెళ్లింది. డబ్బు తెచ్చి, "ముప్పై కిలోలే పంపు, పొదుపుగా వాడుకుంటాం" అంది.

ఏడు మెస్సుల్లో మూడు మానేశాయి. ఇంకొకాయన ఆరు వేల బాకీ పెట్టి మెస్సు ఎత్తేశాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రి కోటికి అన్నం సహించలేదు. "మానేద్దామా?" అన్నాడు.

"మిషను కొన్నాక పోయుంటే? ఇప్పుడే తెలిసింది, నయం. ఇకనుంచి వందకి ఐదు రూపాయలు రావనుకుని లెక్క రాసుకుంటా."

కోటి తిరిగి తిరిగి ఇంకొన్ని మెస్సులు, హాస్టళ్లు పట్టాక, డిసెంబరులో హేమశ్రీ మళ్లీ బ్యాంకుకెళ్లింది. ఈసారి నాలుగు పేజీలు, తన చేతిరాత. మొత్తం ఐదు లక్షలు. మిషను, మోటారు, త్రీఫేజు కరెంటు, సీలింగు మిషను కలిపి రెండు లక్షల పదివేలు. ఫిబ్రవరి, మార్చిలో కొని కోల్డ్ స్టోరేజీలో దాచే పదిహేడు క్వింటాళ్ల మిర్చికి రెండు లక్షల యాభై ఐదు వేలు. బాకీలు ఆలస్యమైతే చేతిలో ఉండటానికి ముప్పై ఐదు వేలు. ఇందులో లక్ష తమది. నాలుగు లక్షలు లోను.

వేణుగోపాల్ గారు రెండుసార్లు చదివారు. "పోయినసారి పన్నెండడిగారు."

"అంత మిర్చి కొని ఎవరికమ్మాలో నాకు తెలీదండి. నెలకి రెండు వందల యాభై కిలోలు ఎవరు కొంటారో పేర్లతో సహా తెలుసు."

"ఉద్యోగం మానేస్తారా?"

"నెలకి నాలుగు వందల కిలోలు దాటేదాకా మాననండి. పొద్దున, సాయంత్రం మిల్లు. ఆదివారం పూర్తిగా మిల్లే."

"వాయిదా కట్టలేని నెల వస్తే?"

"వస్తుంది. మే, జూన్లో హాస్టళ్లు ఖాళీగా ఉంటాయి. దానికి ముందు నెలల నుంచే పక్కన పెడతాను. మూడో పేజీలో ఉంది చూడండి."

ఆయన చూశారు. మిషనుకి వాయిదాల లోను, సరుకుకి అమ్ముకుంటూ తీర్చే సీజను అప్పు, రెండూ విడివిడిగా రాసి పైకి పంపారు. జనవరి చివర్లో మంజూరైంది.

అయితే ఫిబ్రవరిలో మిర్చి రేటు క్వింటా పద్దెనిమిది వేలకి పోయింది. బాబాయి వరసైన ఒకాయన అప్పిస్తానన్నాడు, నూటికి మూడు రూపాయల వడ్డీ. "ఇంకా పెరుగుద్ది, కొనెయ్" అని వెంటపడ్డాడు. హేమశ్రీ ఉన్న డబ్బుకి పద్నాలుగు క్వింటాళ్లే కొంది. కారం రేటు రెండు వందల డెబ్బై ఐదు చేసి, ప్రతి మెస్సుకీ తనే వెళ్లి కాయ రేటు చీటీ చూపించింది. ఒకరు మానేశారు. ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు.

మార్చి మొదటివారంలో మిల్లు తిరిగింది. ఆ పూట ముగ్గురూ తుమ్ముతూనే ఉన్నారు.

ఏడాది గడిచేసరికి ఒక్క వాయిదా తప్పలేదు. కూలి, డీజిల్, వడ్డీ అన్నీ పోను నలభై వేలు మిగిలాయి. కోల్డ్ స్టోరేజీ ఉద్యోగం ఇంకా చేస్తూనే ఉంది.

ఒక ఆదివారం సత్తెనపల్లి నుంచి ఒక హోటలాయన కారులో వచ్చాడు. నెలకి అయిదు వందల కిలోలు కావాలట. డబ్బు రెండు నెలల తర్వాత ఇస్తాడట.

"సగం ముందివ్వండి, మిగతాది సరుకు దిగిన రోజున," అంది హేమశ్రీ.

"ఇంత ఆర్డరు నీకెవరిస్తారమ్మా?"

"నిజమేనండి, ఎవరూ ఇవ్వరు. కానీ రెండు నెలలు మీకు అప్పివ్వాలంటే రెండు లక్షల డెబ్బై ఐదు వేలు నా దగ్గరుండాలి. లేవు."

ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మిల్లంతా ఒకసారి చూశాడు. "వంద కిలోలకి ఎంత ముందివ్వాలి?" అన్నాడు.

హేమశ్రీ ఆయనకి కుర్చీ వేసింది.